గ్రామఫోను ప్లేట్లలో ఘంటసాల

గుంటూరు, ఒంగోలు సీమలలో పత్తి, మిరప పండించు రైతు కుటుంబములకు పూర్వము చేతిలో నాలుగు రూకలు మిగిలిన యేట ఇంటికి వచ్చు వస్తువులలో గ్రామఫోను పెట్టె యొకటి. నల్లరేగడిలో పత్తితీత ముగిసి, కల్లములలో మిరపకాయ ఎండి, బస్తాలు గుంటూరు చేరిన పిమ్మట పెండ్లిండ్లు మొదలగును. పందిరి గుంజలకు కట్టిన మైకుల నుండి పాట ఊరంతయు వినిపించును. ఆ పాటలను దాచుకొన్న నల్లని ప్లేట్లు కొన్ని ఇండ్ల అటకలపై, పాత సామానుల కొట్లలో నేటికిని దొరకుచున్నవి. వానిని వెదకి తెచ్చి, దుమ్ము తుడిచి, వరుసగా నిలుపుకొనువారు మన జిల్లాలలో అక్కడక్కడ కలరు. ఇరుగుపొరుగువారి కిది పిచ్చివలె తోచును. నాణెములు కూడబెట్టువానికి నాణెము కనబడును. తపాలా బిళ్లలు కూడబెట్టువానికి బిళ్ల కనబడును. ప్లేట్లు కూడబెట్టువానికి మాత్రము వస్తువు చేతిలో నున్నను అందలి సొత్తు కంటికి కనబడదు. ముల్లు మోపినగాని అది బయటపడదు.

ఈ అభిరుచిలోని సంతోషము ఎట్టిదో చెప్పవలె నన్నచో, ఒక మనుష్యుని ప్లేట్లను కాలక్రమమున పేర్చుకొని, వాని వెంబడి ఆయన జీవితమును చదువుట మంచి దారి యని నాకు తోచినది. అట్లు చదువదగిన జీవితము ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ఆయన మన జిల్లాలవారు కారు. కాని ఆయన కథ రెండు మూడు మలుపులలో మన పొలిమేరలను తాకి పోయినది.

ముందుగా విద్యార్థులకు ప్లేటు సంగతి కొంత చెప్పవలెను. 1877లో ఎడిసన్ ధ్వనిని గుండ్రని గొట్టము మీద గీసి మరల వినిపించెను. పది సంవత్సరములకు బెర్లినర్ అనునాతడు గొట్టమునకు బదులు బల్లపరుపు బిళ్లను వాడెను. గొట్టమునకు నకళ్లు తీయుట కష్టము. బిళ్లయైనచో అప్పచ్చులవలె అచ్చు వేయవచ్చును. 1902లో కలకత్తాలో మన దేశపు గాయకుల కంఠములను ప్లేట్లకు ఎక్కించుట మొదలైనది. 1908లో ఆ నగరముననే ప్లేట్ల కర్మాగారము వెలసినది. ఆ కాలపు ప్లేటు మన అడవిలోని లక్కతో చేసినది. మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై పురుగులు పెట్టు లక్కను కరిగించి, రాతిపొడి కలిపి, ఒత్తిడిలో అచ్చు వేయుదురు. చేయి జారినచో పెంకువలె పగులును. ఎండకు పెట్టినచో అప్పడమువలె వంకర తిరుగును. రెంటచింతల ఎండ లెరిగిన మనవారికి ఈ రెండవ ప్రమాదమును గూర్చి వేరుగ చెప్పనక్కర లేదు. అందుచేతనే ప్లేట్లను ఒకదానిమీద నొకటి దొంతర పెట్టరాదు. పుస్తకములవలె నిలువుగా, నీడపట్టున పెట్టవలెను.

ఈ లక్కప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటున ఒక్కొక్క వైపున పట్టునది మూడు నిమిషములు, మహా యైన మరికొన్ని క్షణములు. అనగా ముల్లు ఇన్నూట ముప్పదినాలుగు చుట్లు తిరుగునంతలో రాగము, భావము, పల్లవి, ముగింపు అన్నియు జరిగిపోవలెను. గంటల కొలది కచేరి చేయు విద్వాంసునకు ఇది చెరసాలవంటిది. కొందరు ఆ చెరలో ఉక్కిరిబిక్కిరియైరి. ఘంటసాల ఆ మూడు నిమిషములను తన పొలమువలె దున్నుకొనిరి.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతమున చౌటపల్లిలో జన్మించిరి. తల్లి రత్నమ్మ. తండ్రి సూర్యనారాయణ సంగీత మెరిగినవాడు. మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడువాడు. భజనలకు పోవునపుడు పిల్లవానిని భుజముపై నెక్కించుకొని పోయెడివాడు. తండ్రి పాడుచుండగా బాలుడు నాట్యమాడెను. జనులు ముచ్చటపడి బాలభరతుడని పిలిచిరి. పిల్లవానికి పదకొండేండ్లు వచ్చునప్పటికి తండ్రి జబ్బుపడెను. సంగీతమును విడువవద్దనియు, పెద్ద విద్వాంసుడవు కావలెననియు కొడుకునకు చెప్పి కన్నుమూసెను.

ప్లేట్లు కూడబెట్టువాడు ఇచ్చట కొంచెము ఆగవలెను. సూర్యనారాయణగారి గొంతు ఏ ప్లేటునను లేదు. ఆ తరంగములు పాడిన తీరు, ఆ మృదంగపు నడక, వినినవారితోనే పోయినవి. పల్లెలలో పాడిన వేలకొలది కంఠములు అట్లే పోయినవి. మన అలమరలో నున్నది గడ్డివామి నుండి దొరకిన నాలుగు పరకలు మాత్రమే. ఆ పరకలను భద్రపరచవలె నను తొందర ఈ పిచ్చికి మూలమని నా యభిప్రాయము.

తండ్రి పోయిన పిమ్మట కుటుంబమును మేనమామ ఆదుకొనెను. ఒకనాడు పొరుగూరి ఉత్సవములో ఈ బాలుడు విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయి నవ్వులపాలయ్యెను. అంతట సంగీతము పద్ధతిగా నేర్చిననే గాని లాభము లేదని నిశ్చయించుకొని, సంగీతజ్ఞుల ఇండ్లలో పనిచేయుచు నేర్చుకొన బూనెను. ఒక ఇంట బట్టలుతికెను. ఒక ఇంట వంట చేసెను. పని జరిగినంత వేగముగా పాఠము జరుగలేదు. తుదకు తన వ్రేలి ఉంగరమును అమ్ముకొని విజయనగరమునకు బయలుదేరెను. అచట మహారాజావారి సంగీత కళాశాల కలదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు దానికి అధ్యక్షులు. బాలుడు చేరునప్పటికి వేసవి సెలవులు; తలుపులు మూసియున్నవి.

ఆ పట్టణమున ఆయనను చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగా రని వారికి పేరు. శాస్త్రిగారు సంపన్నులు కారు. శిష్యునకు విద్య యిచ్చిరి, తల దాచుకొన చోటిచ్చిరి. రెండుపూటల అన్నము పెట్టు శక్తి వారికి లేదు. శిష్యుడు భుజమునకు జోలె తగిలించుకొని ఇల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొనెను. ఆ కాలమున మధుకరముతో చదివిన విద్యార్థులు చాలమంది కలరు. దానిని జాలికథగా మాత్రమే చెప్పుట నాకు నచ్చదు. ఊరు విద్యార్థిని పోషించుట యను నొక ఏర్పాటు అది. మరి సిగ్గు లేదా యన్న, ఉండియే యుండును. ఆ జోలెను మరువక తర్వాతి కాలమున గురువుగారి కుమారుడు సంగీతరావుగారిని ఘంటసాల తన సహాయకునిగా చేసికొని, చివరి దినముల వరకు వెంట నుంచుకొనిరి. ఘంటసాల స్వరపరచిన పాటల వెనుక హార్మోనియముతో నున్నవారు ఆయనయే.

కళాశాలలో పట్టము పొంది ఇంటికి మరలిరి. ఉత్సవములలో, భజనలలో పాడుచు, నాటకములలో వేషములు కట్టుచుండగా 1942 వచ్చినది. క్విట్ ఇండియా ఉద్యమమున చేరి వీధులలో దేశభక్తి గీతములు పాడిరి. ప్రభుత్వము బంధించి బళ్లారి దగ్గరి అలీపురము చెరసాలకు పంపినది. దాదాపు ఏడాదిన్నర అచట గడిపిరి. ఆనాటి గొంతును పట్టిన ప్లేటు లేదు.

1944 మార్చిలో సావిత్రమ్మగారితో పెండ్లి. ఆ సాయంకాలము తన పెండ్లికి తానే కచేరి చేసిరట. మేళమునకు డబ్బు మిగిలినదని బంధువులు మెచ్చుకొనియుందురు. మన సీమ ఆయన కథలో ప్రవేశించున దిప్పుడే. పెండ్లియైన కొలది మాసములకు సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు దగ్గరి గ్రామమునకు వచ్చియుండగా ఘంటసాల వెళ్లి కలిసికొనిరి. సముద్రాల గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పెదపులివర్రువారు. ఆ గ్రామము నేడు బాపట్ల జిల్లాలో నున్నది. గొంతు విని, మద్రాసునకు రమ్మనిరి. పంటకాలువల నాట నొక పల్లెలో జరిగిన ఆ మాట లేకున్నచో తెలుగు సినిమా పాట మరొక తీరుగా నుండెడిది.

మద్రాసులో సముద్రాలవారి ఇల్లు చిన్నది. వారికి భారము కాగూడదని ఘంటసాల త్యాగరాయనగరములోని పానగల్ పార్కు కాపలావానికి నెలకు రెండు రూపాయ లిచ్చి రాత్రులు అచట నిదురించి, పగలు స్టూడియోల చుట్టు తిరిగిరి. 1944లో వచ్చిన సీతారామ జననమున బృందగానములో గొంతు కలిపిరి. ఆకాశవాణి మద్రాసు కేంద్రమున లలితగీతములు పాడిరి. ఈ దినములలోనే గ్రామఫోను కంపెనీ గడప తొక్కిరి. గొంతు మైక్రోఫోనునకు పనికిరాదని ఒక పెద్దమనిషి త్రిప్పి పంపె ననియు, ఆ తరువాత అచట ఉద్యోగములో నున్న పేకేటి శివరామ్ గారు చొరవ చేసి తొలి ప్లేటు ఇప్పించి రనియు చెప్పుదురు. ఈ శివరామ్ గారు పిమ్మట సినిమా నటులుగా పేరు పొందినవారే.

ఆ రోజులలో ప్లేటునకు పాడుట ఎట్టిదో నేటి విద్యార్థులకు ఊహకు రాదు. మైనపు పళ్లెము తిరుగుచుండును. గాయకుడు, వాద్యకారులు ఒకే గదిలో, ఒకే మైకు చుట్టు నిలుతురు. ఎఱ్ఱదీపము వెలుగగనే మొదలిడి, మూడు నిమిషములలో ముగింపవలెను. నడుమ ఎవరైన దగ్గినను, తీగ తెగినను, ఆ మైనము పనికిరాదు. మరల మొదటినుండి పాడవలెను. అతుకు వేయుట, దిద్దుట లేదు. అందుచే పాత ప్లేటులో మనము వినునది ఆ పూట ఆ గదిలో జరిగిన మూడు నిమిషముల కాలము. ఏబదుల నుండి అయస్కాంతపు టేపు వచ్చి దిద్దుబాటునకు వీలు కలిగినది. పాట శుభ్రపడినది. కాని టేపునకు ముందరి ప్లేటును చేతబట్టుకొనునపుడు కలుగు గగుర్పాటు వేరు.

సినిమాల సంగతి త్వరగా చెప్పి ముగింతును. తెలియనివారు లేరు గనుక. 1945 స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడిన పాటకు నూట పదునారు రూపాయలు ముట్టినది. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు సంగీతము కూర్చిరి. మనదేశము రామారావుగారి తొలి చిత్రము. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ. దేవదాసు సంగీతము సుబ్బురామన్‌గారిది. తక్కిన మూడింటిలోను ఘంటసాల చేయి కలదు. నాగేశ్వరరావునకు పాడినప్పుడు ఒక తీరు, రామారావునకు పాడినప్పుడు ఒక తీరుగా గొంతు మార్చుట ఎట్లు సాధ్యమయ్యెనో ప్లేట్లు పక్కపక్కన పెట్టి వినిన తెలియును. నడుమ సొంతముగా మూడు చిత్రములు తీసిరి: పరోపకారము, సొంతవూరు, భక్త రఘునాథ్. వానివలన ధనము చేకూరలేదు.

ఇక అసలు విషయమునకు వత్తును. ఘంటసాల ప్లేట్లలో నాకు మిక్కిలి విలువైనవి సినిమావి కావు. సినిమాతో సంబంధము లేక, కేవలము ప్లేటుకొరకే పాడినవి. గురజాడ అప్పారావుగారి పూర్ణమ్మ కథ, పల్లెపదములు, భావగీతములు, అన్నిటిని మించి కరుణశ్రీ పద్యములు. కరుణశ్రీ యనగా జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు. 1912లో గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టి, తొలుత అమరావతి హైస్కూలులోను, పిమ్మట గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను తెలుగు బోధించి, 1992లో గుంటూరులోనే కన్నుమూసిన ఉపాధ్యాయకవి. తరగతి గదిలో నిలిచి పద్యము చదువుటే ఆయన వృత్తి. ఉదయశ్రీలోని పుష్పవిలాపము, కుంతీకుమారి ఖండికలను ఘంటసాల స్వరపరచి పాడిరి.

ఈ ప్లేటు ఎంతటి మార్పు తెచ్చినదో తెలియవలె నన్న, దానికి ముందు మన సీమలో పద్య మెట్లుండెనో తలచుకొనవలెను. పద్యమునకు ఇల్లు నాటకరంగము. తెనాలి, గుంటూరు, ఒంగోలు ప్రాంతములు నాటకమునకు పుట్టినిండ్లు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారి సత్యభామను, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్యగారి కృష్ణుని జనులు రాత్రంతయు కూర్చుండి చూచిరి. వినుకొండ కవి జాషువాగారి శ్మశానపద్యములు లేక హరిశ్చంద్ర నాటకము నడువలేదు. అద్దంకి శ్రీరామమూర్తిగారి గొంతు, కపిలవాయి రామనాథశాస్త్రిగారి గొంతు ప్లేట్లలో మ్రోగినవి. రంగముపై నటుడు పద్యమును నాలుగు పాదములు చదివి, చివర రాగము తీయును. హార్మోనియము అనుసరించును. జనులు మరల నందురు. మరల పాడును. ఆ రాగము పావుగంట సాగినను ఎవరికిని విసుగు లేదు. అది ఒక మహావైభవము. దానిని తక్కువ చేసి మాటాడుట నా తలంపు కాదు. అయితే ఆ వైభవములో పద్యపు అర్థము అప్పుడప్పుడు రాగము క్రింద నలిగిపోయెడిది.

ప్లేటుకు రాగము సాగదీయుటకు చోటు లేదు. ఘంటసాల ఆ కొరతను గుణముగా మార్చిరి. మాటను మాటగా పలికిరి. యతి ఉన్నచోట యతి, పదము విరిగినచోట విరుపు, భావము బరువైనచోట మాత్రము ఒక చిన్న కంపితము. రాగమును పద్యము చివర తోకవలె తగిలింపక, పద్యములోపలనే నడిపిరి. పుష్పవిలాపములో పూజకు పూలు కోయ వచ్చిన మనుష్యునితో పూలు మొరపెట్టుకొనును. అందులో ప్రార్థన యున్నది, నింద యున్నది, నడుమ ఒక ఎత్తిపొడుపు ఉన్నది. వినునపుడు ఈ మూడింటికి మూడు గొంతులు వినబడును. కాని గాయకుడు మారినట్లు తోచదు. కుంతీకుమారిలో కన్యయైన తల్లి శిశువును నీటిపాలు చేయును. అచ్చట ఆయన ఎక్కడను ఏడ్వలేదు. ఏడ్చుట వినువారికి వదలిరి. నాటకపు గాయకుడైనచో అంతటి నిగ్రహము చూపియుండునా యని నాకు సందేహము.

కరుణశ్రీ కవిత్వము మరీ మెత్తన యనినవారు లేకపోలేదు. ఆ విమర్శలో కొంత నిజము కలదు. అయినను పద్యము అనగా పండితుల సొత్తు, కొఱకరాని కొయ్య యనుకొను పల్లెజనుల నోట ఉత్పలమాల నిలుచుటకు ఈ ప్లేటు చేసిన మేలు తక్కువ కాదు. చదువు రానివారు సైతము పుష్పవిలాపమును ఆసాంతము అప్పగించుట మన ఊళ్లలో వింత కాదు. వారు దానిని పుస్తకమున చదివినవారు కారు. ముల్లు వారికి గురువైనది. ఉపాధ్యాయులారా, మన బడులలో పద్యపఠనపు పోటీలలో పిల్లలు ఎత్తుకొను బాణీని ఒకసారి గమనింపుడు. పిల్లలకు ఘంటసాల ఎవరో తెలియకున్నను ఆ బాణీ ఆయనదే. ఇది మంచిదా యని అడిగినచో, సగమే మంచిదని చెప్పుదును. అనుకరణ అలవాటై, ప్రతి పద్యమును ఒక్క తీరుననే పాడు పద్ధతి ప్రబలినది. ఆయన ఏ పద్యమున కా పద్యమునకు వేరు దారి వెదకిరను సంగతి, నాలుగు ప్లేట్లు వరుసగా వినినవానికి గాని తెలియదు.

ప్లేట్లు కూడబెట్టుటలో మరి యొక సంతోషము వెనుకవైపు. పేరు మోసిన పాటకొరకు ప్లేటు కొందుము. త్రిప్పి పెట్టిన రెండవ వైపున ఎన్నడు వినని పాట యుండును. ఏ రేడియోయు వేయనిది, ఏ పుస్తకమును పేర్కొననిది. ప్లేటు మీది గుండ్రని చీటీని చదువుట మరియొక విద్య. కంపెనీ గుర్తు, పాడినవారి పేరు, వాద్యములు, అడుగున ఒక సంఖ్య. చీటీ ప్రక్క నల్లని నున్నటి భాగమున కంటికి ఆనని మరియొక సంఖ్య గీసియుండును. దానినిబట్టి పాట ఏ వరుసలో పట్టబడినదో తెలియును. చీటీ చినిగినను ఆ గీత చెరుగదు. పాత శాసనములు చదువువారి ఓపిక ఇచ్చట పనికి వచ్చును. అమరావతి శిలలు గల సీమకు ఈ ఓపిక కొత్తది కాదు.

లక్కప్లేటు కాలము ముగిసినది. 1948లో అమెరికాలో నిమిషమునకు 33 చుట్లును, ఒక చుట్టులో మూడవ వంతును తిరుగు వినైలు ప్లేటు వచ్చినది. మరుసటి యేడు 45 చుట్ల చిన్న ప్లేటు వచ్చినది. మన దేశమున లక్కప్లేట్లు 1970 ప్రాంతము వరకు అచ్చయినవి. అప్పటికే పెద్ద పట్టణములలో వినైలు వాడుకైనది. వినైలు పగులదు, గాడి సన్నము, ఒక వైపున ఇరువది నిమిషములకు పైగా పట్టును. మూడు నిమిషముల గదిలో ఇరువదియైదేండ్లు పాడిన ఘంటసాలకు చివర ఒక పెద్ద ఇల్లు దొరకినట్లైనది. ఆ ఇంటిలో ఆయన నిలిపినది భగవద్గీత.

అప్పటికి ఆయన ఆరోగ్యము చెడినది. 1970లో పద్మశ్రీ వచ్చినది. 1971లో ఐరోపా, అమెరికా దేశములు తిరిగి అచటి తెలుగువారికి పాడి వచ్చిరి. పిమ్మట గుండెజబ్బు. ఆసుపత్రికి పోవుట, వచ్చుట అలవాటైనది. ఆ స్థితిలో గీతలోని ఏడువందల శ్లోకములనుండి నూటికి పైగా ఏరిన శ్లోకములను రాగములలో కూర్చి, ఒక్కొక్కదాని వెనుక తెలుగు తాత్పర్యమును తన గొంతుతోనే పలికిరి. పాట నుండి మాటకు, మాట నుండి పాటకు దిగుచు ఎక్కుచు సాగుట సామాన్యమైన శ్రమ కాదు. శ్రద్ధగా వినినచో గొంతులో అలసట తెలియును. పాతాళభైరవి నాటి మెరుపు లేదు. ఊపిరి పొదుపుగా వాడుకొనుట వినబడును. ఒక వాక్యమును చిన్నదిగా విరిచి, నిదానముగా దింపుట వినబడును. ఆ పొదుపు గీతకు అతికినట్లు కుదిరినది. ఆరోగ్యవంతుడైన యువకుడు ఆ తాత్పర్యములను పలికియున్నచో ఉపన్యాసమువలె నుండెడిదేమో.

ప్లేటు వెలువడుట ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో మరణించిరి. అప్పటికి ఏబదియొక్క సంవత్సరములు. గీత ఆ యేడే, ఆయన పోయిన పిమ్మట బయటకు వచ్చినది. పదకొండేండ్ల వయసున మరణశయ్యపై నున్న తండ్రి అడిగిన మాటను చెల్లించుట ఎప్పుడు పూర్తియైనదని అడిగినచో, నేను ఈ ప్లేటునే చూపుదును. తండ్రి తరంగములు గాలిలో కలిసినవి. కొడుకు గీత అచ్చులో నిలిచినది.

ఆ ప్లేటు తెలుగునాట గుడిమైకులలో తెల్లవారుజామున మ్రోగినది. కాలక్రమమున చావు జరిగిన ఇంటి ముందు, శవమును మోయు బండిలో వేయుట ఆచారమైనది. ఇది నాకు ఇష్టము లేని ఆచారము. గీత వినబడగానే ఎవరు పోయినారని అడుగు దినములు వచ్చినవి. ఆ శ్లోకములు బ్రతికి యుండి పనిచేయవలసినవానికి చెప్పినవి. వానిని పాడినవాడు జబ్బుతో పెనగులాడుచు పనిచేయుచున్నవాడు. ఉపాధ్యాయు లెవరైన పిల్లలకు దానిని ఒక మామూలు ఉదయమున, మొదటి గంటకు ముందు వినిపించిన బాగుండును.

2003లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసినది. క్యాసెట్టు వచ్చి పోయినది; సీడీ వచ్చి పోయినది; ఇప్పుడు పాట చేతిలోని ఫోనులో ఉండును. వెదకినచో పుష్పవిలాపము అరక్షణములో దొరకును. దొరకిన దానిలో గరగర శబ్దమును తుడిచివేసి యుందురు. దానితో కొంత గొంతు కూడ తుడిచివేసి యుందురు. ప్లేట్లు దాచినవారి వలననే ఆ పాటలు ఫోనునకు చేరిన వను సంగతి సామాన్యముగా ఎవరికిని తెలియదు. కంపెనీల యొద్ద మూలప్రతులు పోయిన సందర్భములలో ఏ పల్లెలోనో అటకపై మిగిలిన ఒక్క ప్లేటే ఆధారమగును. పాత ప్లేట్లను ఇచ్చువారి ఇంట మొదట వినబడు మాట, ఇవి ఎందుకయ్యా మీకు అనునది. తరువాత ఒక్కటి వేసి వినిపించినచో, అవి ఇచ్చుటకు మనసు రాని ముసలివారిని నేను చూచితిని.

కొత్తగా ఈ పనికి పూనుకొను విద్యార్థికి ఒక్క సంగతి చెప్పవలెను. ప్లేటును వెలుతురునకు ఎదురుగా వంచి చూడుము. గాడులు నల్లగా నిగనిగలాడినచో ముల్లు ఎక్కువ సారులు తిరుగలేదని అర్థము. బూడిదరంగు తేలినచో ఎన్నో రాత్రులు తిరిగినదని అర్థము. ఉక్కుముల్లు తిరిగిన కొలదియు గాడిని కొంచెము కొంచెముగా తినివేయును. ఒక్కొక్క వైపునకు ముల్లు మార్చవలెనని కంపెనీవారు చెప్పినను మన ఊళ్లలో ఒక ముల్లుతో పది ప్లేట్లు లాగినవారే ఎక్కువ. వెల కట్టువారు నిగనిగలాడు ప్లేటునకు ఎక్కువ ఇత్తురు, బూడిదరంగు దానిని పక్కకు నెట్టుదురు. గుంటూరు సీమలో నాకు చిక్కిన పుష్పవిలాపములలో ఒక్కటియు నల్లగా లేదు. ఒకదానిలో మొదటి వైపు బాగుగనే యున్నది, రెండవ వైపు చివరి అంగుళము మాత్రము తెల్లబడి యున్నది. పూలు తుది మాట చెప్పుకొను చోటది. ఎవరో అంతవరకే ముల్లెత్తి, మరల మరల అక్కడనే దించి విన్నారు.